చెల్లెలి వాటా నా పేర ఉంది. ప్రార్థన చేస్తున్నా ఈ స్వార్థం వదలడం లేదు

కాలవగట్టు (ప్రశ్న)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

నాకు 46 ఏళ్లు. మా ఊరు తెనాలి దగ్గర పల్లె. ఇప్పుడు ఉంటున్నది గుంటూరులో. ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. నాలుగు తరాలుగా మాది లూథరన్ సంఘం. ఆరేళ్లుగా మా గుడికి కోశాధికారిని నేనే. నా బాధంతా ఆ లెక్కల పుస్తకంతోనే ముడిపడి ఉంది కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను.

మా నాన్న మిషన్ బడిలో పంతులు. జీతంలో మిగిల్చి, చీటీలు పాడి, 1 ఎకరం 80 సెంట్ల మాగాణి కొన్నాడు. పొడుగ్గా, వెడల్పు తక్కువగా ఉండే చెక్క. ముందు వైపు రోడ్డు, దాని వెంటే పంట కాలవ. వెనక చివర మురుగు కాలవ, పల్లం. గట్టి వాన పడితే అటు సగం నాలుగు రోజులు నీళ్లలోనే ఉంటుంది.

2015లో నాన్న పోయాడు. వీలునామా రాయలేదు. మరుసటి ఏడాది అమ్మనీ చెల్లెలినీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు పెట్టించుకున్నాను. చెల్లెలు కాగితం చదవలేదు. "ఎక్కడ పెట్టాలన్నయ్యా?" అంది. వేలు పెట్టి చూపించాను. బయటికొచ్చాక చెరుకురసం తాగించి రేపల్లె బస్సెక్కించాను. తప్పు చేశానని ఆ రోజు నాకు అనిపించలేదు. పెళ్లికి నాన్న కట్నం ఇచ్చాడు, ఇక దానికి ఏం మిగిలిందని మా ఇళ్లల్లో అందరూ అనేదే నేనూ అనుకున్నాను. 2020లో అమ్మ కూడా పోయింది.

ఈస్టరు ముందు వచ్చే ఈ శ్రమకాలంలో ఒక బుధవారం సాయంత్రం ఆరాధనలో మా పాస్టరు అయ్యగారు లూకా 12 చదివారు. కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకుంటానన్న ధనవంతుడి ఉపమానం. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కానీ ఆ ఉపమానం ఎందుకు చెప్పాల్సి వచ్చిందో అంతవరకూ పట్టించుకోలేదు. గుంపులోంచి ఒకడు వచ్చి, పిత్రార్జితంలో నాకు భాగం పంచమని నా సహోదరుడితో చెప్పు బోధకుడా అని అడిగాడు. దాంతో మొదలైంది ఆ మాటంతా. మరి ఆ సహోదరుడు ఎక్కడున్నాడు? గుంపులో లేడు. ఆస్తి దగ్గర పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. వాడు నేనే అనిపించింది.

ఆరాధన అయ్యాక వెస్ట్రీలో కానుకలు లెక్కపెడుతుంటే చేతులు ఆడలేదు. మా చెల్లెలు ఏటా క్రిస్మస్‌కి నాన్న జ్ఞాపకార్థం మా గుడికి 200 రూపాయలు పంపుతుంది. రసీదు నేనే నా చేత్తో రాసి సంతకం పెడతాను. పొలం మీద ఏడాదికి 36 బస్తాల కౌలు వస్తుంది, దాంట్లో దశమభాగం తప్పకుండా ఇస్తాను. అంటే ఇన్నాళ్లూ దేవుడికి నేనిచ్చిన కానుకలో కొంత చెల్లెలి సొమ్ము.

ఇచ్చేయాలని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. మూడు వారాలైంది. రాత్రి మోకాళ్ల మీద ఇచ్చేస్తాను. పొద్దున లేచేసరికి మళ్లీ నా చేతిలోనే ఉంటుంది. మా వాడి ఇంజనీరింగ్ ఫీజు గుర్తొస్తుంది. రోడ్డు పక్క ధర గుర్తొస్తుంది. అడగని దానికి ఇవ్వడమెందుకు, అవసరమొస్తే అప్పుడు ఆదుకుందాంలే అని ఒక గొంతు. నా విశ్వాసం ఉత్తదేనా? ఈ స్వార్థంలోంచి బయటపడ్డవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా బయటపడ్డారో చెప్పండి. "ప్రార్థన చేయండి" అని మాత్రం అనకండి. చేస్తూనే ఉన్నాను.

పాత బెంచీ

వందనాలు బాబూ. నాకు 71. రిటైరైన టీచర్ని. ఇరవై ఏళ్లకు పైగా సంఘంలో పిల్లలకు కన్ఫర్మేషన్ క్లాసు చెప్పాను. మీరూ లూథరన్ అన్నారు కనుక ఒకటి గుర్తుచేస్తాను. మన సంఘానికి మూలపురుషుడు లూథర్ గారు 1529లో రాసిన చిన్న కాటకిజం, ఆ ప్రశ్నలు జవాబుల విశ్వాస పాఠం, మీరూ కంఠతా పట్టే ఉంటారు. పది ఆజ్ఞల్లో, మన లూథరన్ లెక్కలో తొమ్మిదో ఆజ్ఞకు అర్థమేమని రాశారు? పొరుగువాడి పిత్రార్జితాన్నో ఇంటినో యుక్తిగా సంపాదించాలని చూడకూడదు, చట్టం మనవైపే ఉన్నట్టు పైకి చూపించి దక్కించుకోకూడదు, అది వాళ్ల దగ్గరే నిలిచేలా సాయపడాలి అని. పదమూడేళ్ల పిల్లలు నా ముందు చేతులు కట్టుకుని ఇది గడగడా అప్పజెప్పేవాళ్లు. పిత్రార్జితం అనే మాట దగ్గర ఆగి, మీ ఇంట్లో అక్కాచెల్లెళ్లున్నారా అని ఒక్కసారీ అడగలేదు నేను. ఆ లోటు నాది.

విశ్వాసం ఉత్తదేనా అన్నారు. అంతకు ముందు, 1515-16లో, రోమా పత్రిక మీద పాఠాలు చెబుతూ లూథర్ గారు పాపాన్ని మనిషి తనలోకే వంగిపోవడం అన్నారు. తనలోకి వంగినవాడు దేవుణ్ణి కూడా తన వైపుకే వంచుకుంటాడని ఆయన బాధ. మీరు దశమభాగం గురించి రాసింది సరిగ్గా అదే. ఆ వంపు మీకు కనబడింది. వంగినవాడికి తన వంపు తనంతట తనకు కనబడదు, వెలుగు పడితేనే కనబడుతుంది. కాబట్టి విశ్వాసం లేదని నేననను.

కానీ మనసు నిటారుగా అయ్యాక ఇద్దామని కూర్చుంటే ఎన్నటికీ ఇవ్వలేరు. మా అమ్మ పిడికెడు బియ్యం తీసేది. ఇప్పటి పిల్లలకు తెలియదేమో. పూటపూటా వండే ముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసి, ఆదివారం గుడికి తీసుకెళ్లేవాళ్లు ఆడవాళ్లు. మా ఇంట్లో మేం ఏడుగురం, బియ్యం ఎప్పుడూ బొటాబొటిగా ఉండేవి. "మిగిలితే ఇద్దువులేవే" అనేది మా నాయనమ్మ. "ఎసట్లో పోశాక తీయలేం అత్తమ్మా" అనేది మా అమ్మ. ఆవిడ మనసులో ఉదారంగా అనిపించాక తీసేదని నేననుకోను. మా ఆకలి ముఖాలు చూస్తూనే తీసేది. చెయ్యి ముందు వెళ్లేది. మనసు వెనక ఎప్పటికో వచ్చేది.

ఇంకొకటి. ఆదికాండం 13 చదవండి. పశువుల కాపరులకు గొడవ వచ్చినప్పుడు అబ్రాహాము పెద్దవాడు, పిలుపు అందుకున్నవాడు. అయినా తన సోదరుడి కొడుకు లోతునే ముందు ఎంచుకోమన్నాడు. లోతు నీళ్లున్న యొర్దాను మైదానమే తీసుకున్నాడు. మీ పొలానికి ఒక పక్క పంట కాలవ, ఒక పక్క మురుగు కాలవ అన్నారు కదా. ఏది ఎవరిదో మీరు నిర్ణయించకండి. ఆ అమ్మాయిని ఎంచుకోనివ్వండి.

దస్తావేజుల మాట

వకీలుగా నాలుగు మాటలు. మనలో చాలామందికి ఇప్పటికీ తెలియనిది: క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా తండ్రి పోతే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా. కొడుకు, కూతురు అని తేడా లేదు. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదనే మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు. కేరళ వైపు పూర్వపు తిరువాన్కూరు ప్రాంతంలో క్రైస్తవులకు వేరే చట్టం ఉండేది. కొడుకు వాటాలో నాలుగో వంతో 5,000 రూపాయలో, ఏది తక్కువైతే అది కూతురికి. అక్కడి క్రైస్తవ మహిళ మేరీ రాయ్ గారు దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1986లో తీర్పు వచ్చి, అక్కడా 1925 చట్టమే వర్తిస్తుందని తేలింది. మనకు కోర్టుకెక్కాల్సిన అవసరం కూడా లేకపోయింది, హక్కు మొదటి నుంచీ ఉంది. ఆడపిల్లలకు చెప్పినవాడే లేడు.

మీ లెక్కలో 2015 నాటికి అమ్మగారికి 60 సెంట్లు, మీకు 60, చెల్లెలికి 60. విడుదల దస్తావేజు రిజిస్టరైంది కనుక ఈ రోజు కాగితం మీద మొత్తం మీదే. వెనక్కి ఇవ్వాలంటే దాన సెటిల్‌మెంట్ దస్తావేజు రాసి, ఇద్దరు సాక్షులతో రిజిస్టరు చేయించాలి. ఆమె అంగీకరించినట్టు అందులో ఉండాలి. నోటిమాట, తెల్లకాగితం పనికిరావు. మీ తర్వాత మీ పిల్లలు ఒప్పుకోకపోతే అవి నిలబడవు. తర్వాత పాస్‌బుక్ ఆమె పేర మార్పించండి. పొలాన్ని అడ్డంగా రెండు చేస్తే వెనక ముక్కకు దారి ఉండదు. దారి హక్కు దస్తావేజులోనే రాయించండి. గట్ల తగాదాలు ఎక్కువగా అక్కడే పుడతాయి.

ఎంత ఇవ్వాలన్నది చట్టం చెప్పదు. 60 అంటే ఎవరూ తప్పు పట్టరు. అమ్మగారి 60 ఆవిడ తన చేత్తో మీకు రాసిచ్చినదే కదా.

ఇద్దరు పిల్లల తండ్రి

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ 1 తిమోతి 5:8 కూడా చూడండి. తన యింటివారిని సంరక్షించని వాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని ఉంది. మీ అబ్బాయి చదువు మధ్యలో ఉంది. చెల్లెమ్మ అడగలేదు, ఇబ్బందుల్లో ఉందని మీరూ రాయలేదు. నాలుగేళ్లు ఆగి అబ్బాయికి ఉద్యోగం వచ్చాక ఇవ్వకూడదా?

కాలవగట్టు

తమ్ముడూ, మీరు మంచి మనసుతోనే అన్నారు. నేను తొమ్మిదేళ్లుగా నాకు చెప్పుకుంటున్న వాక్యం ఇదే. చెల్లెలు "నా యింటివారి"లో లేదని ఎప్పుడు నిర్ణయించుకున్నానో మాత్రం నాకు గుర్తులేదు.

వకీలు గారూ, 60 అంటే తప్పు పట్టరన్న మీ మాట చదవగానే నాకు సంతోషం వేసింది. అమ్మ వాటాలో సగం కూడా కలిపి 90 ఇవ్వాలేమోనని భయపడుతూ ఉన్నాను. 30 సెంట్లు మిగిలాయనిపించింది. ఆ సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిశాక రాత్రి నిద్ర పట్టలేదు.

సంతకం పెట్టిన ఆడపడుచు

అన్నగారూ, మా ఊరు ఖమ్మం వైపు. మీ చెల్లెలు పెట్టిన సంతకమే నేనూ పెట్టాను. అందుకని అటువైపు నుంచి రాస్తున్నాను.

మా అన్నయ్య ఎనిమిదేళ్ల తర్వాత మారాడు. దేవుడు మార్చాడనే నమ్ముతున్నాను. కొంత డబ్బు తెచ్చి ఇచ్చాడు. కానీ అది చేసింది ఎక్కడనుకున్నారు? మా గుడిలో, కృతజ్ఞత కూడికలో, సాక్ష్యం చెబుతూ. నన్ను ముందుకు పిలిచాడు. అందరూ హల్లెలూయా అన్నారు. నేను ఆడవాళ్ల వరుసలోంచి లేచి వెళ్లి కవరు అందుకుని, కొంగు కప్పుకుని తిరిగొచ్చి కూర్చున్నాను. నాది నాకు వస్తుంటే నేను దానం పుచ్చుకున్నదాన్నయ్యాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో మా ఆయనకు చెప్పలేకపోయాను. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మా అన్నయ్యకు నోటికొచ్చు.

అందుకని దయచేసి సాక్ష్యం చెప్పకండి, కనీసం ఆమె బతికున్నంత కాలం. "నీకు ఇస్తున్నాను" అనకండి, "నీది నా దగ్గర ఉంది" అనండి. క్షమాపణ అడగండి, కానీ పొలం ఇచ్చాను కనుక క్షమించాలని ఎదురుచూడకండి. ఆమె వెంటనే క్షమించకపోవచ్చు. అది ఆమెకూ దేవుడికీ మధ్య సంగతి. వెళ్లే ముందు వదినగారితో మాట్లాడండి. లేదంటే రేపు ఆ ఇంట్లో మీ చెల్లెలు దోషి అవుతుంది.

అమ్మ వాటా సంగతి. అమ్మ ఇష్టపడి రాసిచ్చిందని వకీలు గారన్నారు. ఆ వయసులో, భర్త పోయిన ఏడాదికి, ఏ ఇంట్లో తినాలో తెలియని ఆడమనిషి పెట్టే సంతకంలో ఇష్టమెంత, భయమెంత? మా అమ్మ పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆవిడ మా అన్నయ్య ముఖం చూసి పెట్టింది, కాగితం చూసి కాదు.

కాలవగట్టు

అందరికీ వందనాలు. రెండు నెలలైంది రాసి. జరిగింది చెప్పాలి.

ముందు మా ఆవిడతో కూర్చున్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అన్నయ్య కూడా నాచేత ఇలాగే పెట్టించుకున్నాడు, మీరెప్పుడైనా అడిగారా?" అంది. అడగలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఒక్కసారీ అడగలేదు. ఆ మాట మీద ఇంకా మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది, అది ఇక్కడ రాయను.

ఈస్టరు ముందు శనివారం రేపల్లె వైపు చెల్లెలి ఊరికి వెళ్లాను. బావ ఆటో తీసుకుని బయటికెళ్లాడు. మేనకోడలు నర్సింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంది. చెల్లెలు చేటలో మినుములు చెరుగుతోంది. ఆడపడుచు గారు చెప్పిన మాటే వాడాను. "అమ్మాయ్, నీది నా దగ్గర ఉండిపోయింది" అన్నాను. సగం, 90 సెంట్లు, అమ్మ వాటాతో కలిపి అన్నాను. కాగితం చదవనివ్వకుండా సంతకం పెట్టించుకున్నాను, నన్ను క్షమించు అన్నాను.

చేట కింద పెట్టింది. "చదవలేదని ఎవరన్నారన్నయ్యా?" అంది.

చదివిందట. సంతకానికి ముందు రోజు రాత్రి, నేను బల్ల మీద పెట్టి పడుకుంటే, లాంతరు వెలుతురులో మొత్తం చదివిందట. అమ్మ కూడా మేలుకునే ఉందట. "నేను పెట్టనంటే అమ్మ నీ ఇంట్లో ఎలా ఉంటుంది? నా ఇంట్లో రెండే గదులు, అత్తగారు మంచంలో ఉంది. అందుకని పెట్టాను" అంది. అమ్మకు నా ఇంట్లో పెట్టిన నాలుగేళ్ల అన్నానికి మా చెల్లెలు 60 సెంట్లు కట్టింది. నేను ఊళ్లో అందరిచేతా "తల్లిని బాగా చూసుకుంటున్నాడు" అనిపించుకున్నాను. ఎక్కడ పెట్టాలన్నయ్యా అని ఎందుకడిగిందో అడిగే ధైర్యం నాకు రాలేదు.

క్షమించానని అనలేదు. అన్నం పెట్టింది. పప్పుచారులో మునక్కాడలు వేసింది. తిన్నాను.

లేచే ముందు పాత బెంచీ మాస్టారి మాట గుర్తొచ్చింది. పొలం అడ్డంగా రెండు ముక్కలవుతుంది, ఏ ముక్క కావాలో నువ్వే చెప్పు అన్నాను. నిజం చెప్పాలి, అడిగేటప్పుడు నాలో ఒక ఆశ ఉంది. మెత్తటి మనిషి కదా, నీ ఇష్టం అన్నయ్యా అంటుందని. అనలేదు. "రోడ్డు పక్కది" అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

గుండె కలుక్కుమంది. మురుగు కాలవ వైపు సెంటుకు ఎంత తేడానో లెక్క నా తలలో దానంతటదే నడిచిపోయింది. నోరు తెరిస్తే ఏమంటానోనని భయమేసి తలూపాను. బస్సులో కూర్చున్నాక, తనలోకి వంగిపోవడం అని మాస్టారు రాసిన మాటే గుర్తొచ్చింది. ఇచ్చేసిన తర్వాత కూడా వంగే ఉంది. ఆ ప్రయాణంలో నేను చేసిన ప్రార్థన మూడు వారాల ప్రార్థనల కంటే చిన్నది. ప్రభువా, నేను వెనక్కి తీసుకోకముందే రిజిస్ట్రేషన్ అయిపోనివ్వు, అంతే.

పోయిన నెల అయిపోయింది. మా ఆవిడ ఒక సాక్షి. దస్తావేజు రాసేటప్పుడు లేఖరి హద్దులు చదువుతుంటే చెల్లెలే ఆపింది. "వెనక చెక్కకు పడమటి గట్టు వెంట ట్రాక్టరు పట్టేంత దారి రాయండి, మా అన్నయ్యకి" అంది. వకీలు గారు చెప్పిన ఆ దారి సంగతి నేను అడగాలా వద్దా అని మూడు రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను. ఆమె ముందే అడిగేసింది.

ఇన్నేళ్ల కౌలు బాకీ లెక్క వేశాను. 2016 నుంచి చెల్లెలి 60 సెంట్లకు ఏడాదికి 12 బస్తాల చొప్పున తొమ్మిదేళ్లకు 108, అమ్మ పోయిన ఏడాది నుంచి అమ్మ వాటాలో 6 చొప్పున 30, మొత్తం 138 బస్తాలు. అంత డబ్బు ఒకేసారి నా దగ్గర లేదు. నెలనెలా పంపుతున్నాను. లూకా 19లో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. నేను ఒక అంత తీర్చడానికే నాలుగైదేళ్లు పట్టేలా ఉంది.

అయ్యగారికి మాత్రం అంతా చెప్పి లెక్కల పుస్తకం అప్పగించాను. బాకీ తీరాక చూద్దామన్నారు. సంఘంలో ఆరోగ్యం బాగోలేదేమో అనుకుంటున్నారు, అలాగే అనుకోనిచ్చాను.

నిన్న కౌలుదారు ఫోన్ చేశాడు. నారు పోస్తున్నాడట. "ఈసారి కౌలు ఎవరికి కట్టమంటారు?" అని అడిగాడు. వెనక చెక్కది నాకు, రోడ్డు పక్కది మా చెల్లెలికి అని చెప్పి, ఆమె నంబరు ఇచ్చాను. ఒక అంకె తప్పు చెప్పానని ఫోన్ పెట్టేశాక తెలిసింది. మళ్లీ చేసి సరిచేశాను.